ఎకరాలు గజాలయ్యే చోట కౌలు రైతుకు జవాబుదారీ ఎవరు?

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధి 2025 మార్చిలో ప్రాంతీయ రింగ్ రోడ్డు దాకా పెరిగింది. విస్తీర్ణం పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. 2050 దాకా అమలయ్యే కొత్త మాస్టర్ ప్లాన్‌కు కసరత్తు నడుస్తున్నది. ఇబ్రహీంపట్నం, యాచారం, చౌటుప్పల్, భువనగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఏ సర్వే నంబరు సాగు భూమిగా మిగలాలో, ఏది ఇండ్ల జోన్‌లోకి పోవాలో ఆ ప్లానే నిర్ణయిస్తుంది. అది మన ఊరి గడపకు రాకముందే, ఈ ప్రయాణం ఎప్పుడో పూర్తయిన ఒక ఊరిని చూసి రావాలి. ఆ ఊరు నాగోల్.

ఇవాళ నాగోల్ అంటే మెట్రో స్టేషన్, కాలనీలు, అపార్ట్‌మెంట్లు. మూసీ ఒడ్డున ఉన్న ఈ ఊరు, నదికి అవతల ఉన్న ఉప్పల్, ఇంకా దిగువన ఉన్న పీర్జాదిగూడ, కాచివాని సింగారం, ప్రతాప సింగారం ఒకప్పుడు నగరానికి అన్నం, ఆకుకూర, పాలు అందించిన ఊళ్లు. మూసీలో నగరపు మురుగు కలిసినా, ఆ నీటినే కత్వల దగ్గర మళ్లించి రైతులు వరి పండించారు, పారా గడ్డి పెంచారు. ఆ గడ్డి నగరంలోని బర్రెల కొట్టాలకు పోయేది. మురుగునీటి సాగు మీద పరిశోధనకు అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ సైతం ఈ మూసీ ఒడ్డునే ఎంచుకున్నది. ఆ నీటితో ఆరోగ్య సమస్యలు లేవని మేము అనడం లేదు. నీటిని శుద్ధి చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ బాధ్యత నెరవేరేలోపే దిగువన పొలాలు పలచబడిపోయాయి.

తర్వాతి కథ మనందరం చూసిందే. 2007లో ఎల్‌బీ నగర్, ఉప్పల్ కలాన్ సహా పన్నెండు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేశారు. పెద్ద అంబర్‌పేట మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2017 నవంబర్ 28న నాగోల్ నుంచి మియాపూర్‌కు మెట్రో ప్రారంభమైంది. ఒక్కొక్క ప్రకటనతో భూమి ధర ఒక్కో మెట్టు ఎక్కింది. గుంటల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది.

నాగోల్ వంతెనకు అవతల ఉన్న ఉప్పల్ భగాయత్‌ను చూద్దాం. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో బాగాత్ అంటే తోట భూమి. ఊరి పేరులోనే తోట ఉన్నది. 2005 ప్రాంతంలో అప్పటి హుడా ఇక్కడి రైతుల నుంచి ఏడు వందల ఎకరాలకు పైగా తీసుకున్నది. అందులో కొంత జలమండలికి పోయింది, కొంత మెట్రోకు పోయింది. మిగిలింది లే అవుట్ అయింది. ఎకరం ఇచ్చిన రైతుకు అభివృద్ధి చేసిన ప్లాటు వెయ్యి గజాలు ఇస్తామన్నారు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు. అంటే మొత్తం 4,840 గజాలు. రోడ్లకు, పార్కులకు పోయేది పోగా మిగిలిన ప్లాట్లను హెచ్‌ఎండీఏ 2019 నుంచి వేలం వేసింది. 2021 డిసెంబర్ వేలంలో ఒక ప్లాటు ధర గజానికి లక్ష రూపాయలు దాటింది. ప్లాట్లు చేతికి రావడానికి రైతులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఈలోగా అప్పులకు, పెళ్లిళ్లకు తమ హక్కును ముందే అమ్ముకున్న చిన్న రైతుకు ఆ లక్ష రూపాయల ధర పేపర్‌లో చదువుకోవడానికే మిగులుతుంది.

అయినా పట్టాదారుకు ఎంతో కొంత దక్కింది. మనం అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉన్నది. ఆ భూమిని కౌలుకు చేసిన రైతుకు ఏం దక్కింది? నాటు వేసిన, కలుపు తీసిన, గడ్డి కోసిన ఆడవాళ్లకు ఏం దక్కింది? ఆ గడ్డి మీద బర్రెలను సాకిన కుటుంబానికి ఏం దక్కింది? వాళ్ల పేరు ఏ కాగితంలోనూ లేదు. లేని పేరుకు నష్టపరిహారం ఎవరిస్తారు?

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు మనకు తెలుసు. "రైతే అమ్ముకున్నాడు, కోట్లు వచ్చాయి, మీకేం బాధ?" అంటారు. నిజమే, అమ్ముకున్నాడు. ఎందుకు అమ్ముకున్నాడో కూడా చెప్పాలి. పక్క చేను వెంచర్ అయి ప్రహరీ లేస్తే బండ్ల బాట మూసుకుపోతుంది. పై పొలంలో మట్టి పోస్తే కాలువ పూడిపోతుంది. చుట్టూ బోర్లు లోతుకు పోతే తన బోరు ఎండుతుంది. కూలి ధర నగరపు లెక్కకు పెరుగుతుంది, పంట ధర మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. ఇన్నింటి మధ్య ఐదెకరాల రైతు ఎన్నేళ్లు నిలబడతాడు? దీన్ని ఇష్టపడి చేసిన అమ్మకం అనలేము. నలువైపులా తోవ మూసి, మిగిలిన ఒక్క తోవలో నడిపించడమే ఇది. వచ్చిన డబ్బుతో అరవై కిలోమీటర్ల అవతల భూమి కొన్న రైతులు ఉన్నారు. వాళ్లు అక్కడ ధర పెంచితే, అక్కడి కౌలు రైతు కదలాల్సి వస్తుంది. నగరం అంచున మొదలైన ఒత్తిడి ఇట్లా జిల్లాలు దాటుతున్నది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం పట్టాదారుతో పాటు కౌలుదారును, ఆ భూమి మీద ఆధారపడ్డ కూలీని కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది. బహుళ పంటల సాగునీటి భూమిని గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలన్నది. తెలంగాణ ప్రభుత్వం 2015లో తెచ్చిన 123 జీవోను 2016 ఆగస్టులో హైకోర్టు కొట్టివేసింది. ఆ కేసు వేసింది భూమి లేని వ్యవసాయ కూలీలే అన్న సంగతి మన కార్యకర్తలు ప్రతి ఊళ్లో చెప్పాలి.

కానీ ఈ రక్షణ ప్రభుత్వం భూమి సేకరించినప్పుడే. ప్రైవేటు వెంచర్‌కు అది వర్తించదు. దానికి 2006 నాటి భూ వినియోగ మార్పిడి చట్టం చాలు. దాన్నే మనం నాలా అంటున్నాం. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చాక ఈ మార్పిడి ఇంకా సులువైంది. స్లాటు బుక్ చేసుకుని ఫీజు కడితే తహసీల్దార్ దగ్గర పని అయిపోయేది. పొలంలో ఎవరు సాగు చేస్తున్నారు, దిగువ పొలానికి కాలువ ఎట్లా పోతున్నది అని అడిగే వారు లేరు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినంత మాత్రాన కౌలు రైతుకు ఒరిగేదేమీ లేదు, అతని పేరుకు అందులో గడి ఉంటేనే ఉపయోగం.

పెట్టుబడి సాయంలోనూ ఇదే తీరు. 2018 మేలో మొదలైన రైతుబంధు పాసుబుక్కు ఉన్నవారికే పోయింది. బీడు పెట్టి ధర పెరగాలని చూసేవారికి పైసలు వచ్చాయి, దున్నేవారికి రాలేదు. ఇక కూలీల సంగతి. ఊరు మున్సిపాలిటీలో కలిస్తే గ్రామీణ ఉపాధి హామీ పని ఆగిపోతుంది. పొలం పని, ఉపాధి పని రెండూ పోయి ఆ కుటుంబాలు అడ్డా మీదకు చేరుతున్నాయి.

ఇండ్లు కట్టవద్దని మేము అనడం లేదు. పల్లె నుంచి నగరానికి పోయిన మన పిల్లలకు కూడా ఇండ్లు కావాలి. కానీ సాగు భూమిని మింగిన ప్లాట్లన్నీ ఇండ్లవుతున్నాయా? అనుమతి లేని లే అవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రంలో 25 లక్షలకు పైగా వచ్చాయి. సర్కారు అనుమతి లేకుండా గీసిన ప్లాట్ల సంఖ్య అది. వాటిలో రాళ్లు పాతి, ముళ్లకంప మొలిచినవి ఎన్నో మనం బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. అటు పంట లేదు, ఇటు ఇల్లు లేదు. నాగోల్ పక్కన బండ్లగూడలో మధ్యతరగతి కోసం కట్టిన రాజీవ్ స్వగృహ ఫ్లాట్లు దశాబ్దానికి పైగా అమ్ముడుపోక నిలబడి, చివరికి 2022లో లాటరీకి వచ్చాయి. ఇంటి అవసరం వేరు, భూమి మీద వ్యాపారం వేరు. మొదటి దాన్ని చూపి రెండోదాన్ని నడిపిస్తున్నారు.

పొలం పోయిన నష్టం రైతుతో ఆగదు. చెరువు కింది ఆయకట్టు ఖాళీ అయితే అలుగు నీళ్లు పోయే కాలువను కాపాడేవారు ఉండరు. 2020 అక్టోబర్ వానలకు నాగోల్ అయ్యప్ప కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నది. అప్పు చేసి ఇల్లు కొన్న చిన్న ఉద్యోగి సామాను తడిసిపోయింది. ఆ కాలనీవాసి మనకు శత్రువు కాడు. చెరువును, కాలువను లెక్కలోంచి తీసేసిన ప్రణాళిక అతన్నీ మనల్నీ ముంచింది.

నగరం రైతు బజారును, మార్కెట్‌నూ అంచులకు నెడుతున్నది. దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేటలో ఉన్న గడ్డి అన్నారం పండ్ల మార్కెట్ నల్లగొండ బత్తాయి రైతుకు, మామిడి రైతుకు దశాబ్దాల అడ్డా. ఆ స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించి మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. ఆసుపత్రి అవసరమే. కానీ కోహెడలో శాశ్వత మార్కెట్ కట్టకముందే పాతది ఖాళీ చేయించారు. కోహెడలో వేసిన తాత్కాలిక షెడ్లు 2020 మేలో గాలివానకు కూలి రైతులు, హమాలీలు గాయపడ్డారు. ముందు రైతును కదిలించడం, తర్వాత ఏర్పాట్లు చూడడం అలవాటైపోయింది.

ఇదంతా ఇప్పుడు మరింత పెద్ద ఎత్తున జరగబోతున్నది. ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని పోతే యాచారం. ఫార్మాసిటీ పేరుతో కుర్మిద్ద, మేడిపల్లి, నానక్‌నగర్, తాడిపర్తి రైతులు ఏళ్లుగా పోరాడుతున్నారు. ఇప్పుడు ఆ ప్రాంతమే ఫ్యూచర్ సిటీ. 2025 మార్చిలో దానికి ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసి ఏడు మండలాల్లో 56 గ్రామాలను దాని కిందికి తెచ్చారు. ప్రాంతీయ రింగ్ రోడ్డు కింద భూమి పోతుందని ఆందోళన చేసిన రాయగిరి రైతులను 2023 జూన్‌లో చేతులకు బేడీలతో భువనగిరి కోర్టుకు తెచ్చిన దృశ్యం ఎవరూ మరిచిపోలేదు. రోడ్డుకు పోయే భూమి కొంతే. రోడ్డు పక్కన ఇంటర్‌ఛేంజి చుట్టూ వెంచర్లకు పోయేది దానికి ఎన్నో రెట్లు. పెద్ద అంబర్‌పేట దగ్గర జరిగిందే రేపు చౌటుప్పల్ దగ్గర జరుగుతుంది.

దీనికి వేరే తోవ లేదన్న మాట అబద్ధం. కేరళ 2008లోనే వరి పొలాల, చిత్తడి నేలల పరిరక్షణ చట్టం చేసింది. వరి పొలాల జాబితా తయారు చేసి, పూడ్చకుండా చూసే బాధ్యత స్థానిక కమిటీలకు ఇచ్చింది. ఉల్లంఘనలు లేవని కాదు, అడ్డుకునేందుకు చేతిలో ఒక ఆయుధం ఉన్నది. కోల్‌కతా తూర్పు అంచున నగరపు మురుగునీటితో చేపలు, కూరగాయలు పెంచే 12,500 హెక్టార్ల చిత్తడి నేలలు 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందాయి. అక్కడా బిల్డర్ల ఒత్తిడి ఉన్నది. అయినా ఆ భూమికి ఒక చట్టం కాపలా ఉన్నది. మూసీ ఒడ్డున రైతు చేసిన పని అంతకంటే తక్కువదేమీ కాదు, గుర్తింపే రాలేదు. మూసీ పునరుజ్జీవం గురించి ఇన్ని మాటలు వినిపిస్తున్నా, ఆ నీటితో పండించేవారి ఊసు అందులో ఎక్కడ?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కొత్త మాస్టర్ ప్లాన్‌లో చెరువుల ఆయకట్టు, మూసీ కాలువల కింది భూములు, రెండు పంటల భూములను శాశ్వత సాగు జోన్‌గా ప్రకటించాలి. ముసాయిదాను తెలుగులో, సర్వే నంబర్లతో గ్రామసభ ముందు పెట్టాలి. నాలా మార్పిడికి ముందు పొలం మీద విచారణ జరపాలి. సాగుదారుకు నోటీసు ఇవ్వాలి. కాలువ, బాట, దిగువ పొలం దెబ్బతినవని తేలాకే అనుమతి ఇవ్వాలి. ప్రైవేటు వెంచర్‌లోనూ కౌలుదారుకు, కూలీకి పరిహారం వసూలు చేసే నిబంధన తేవాలి. మూలనపడ్డ 2011 నాటి సాగుదారుల చట్టం కింద కౌలు రైతులకు గుర్తింపు కార్డులు ఇవ్వాలి. ఇప్పటికే గీసి ఖాళీగా ఉన్న ప్లాట్లు నిండకుండా కొత్త పొలాన్ని ముట్టనివ్వరాదు. మున్సిపాలిటీలో కలిసిన ఊళ్లలో కూలీలకు ఉపాధి పని కొనసాగించాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం కూర్చోకూడదు. రింగ్ రోడ్ల మధ్య ఉన్న ప్రతి గ్రామ కమిటీ మూడు కాగితాలు తయారు చేయాలని కోరుతున్నాం. ఒకటి, ఈ సీజన్‌లో ఏ సర్వే నంబరులో ఎవరు కౌలు చేస్తున్నారో పేర్లతో జాబితా. రెండు, చెరువు, అలుగు, కాలువ, బండ్ల బాటలు చూపే ఊరి పటం. మూడు, గత కొన్నేళ్లలో వెంచర్‌గా మారిన భూమి, అందులో ఎన్ని ఇండ్లు లేచాయన్న లెక్క. మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలు అడిగిన రోజున ఈ మూడు కాగితాలతో వెళ్లాలి. పట్టాదారు, కౌలుదారు, కూలీ ముగ్గురూ కలిసి వెళ్లాలి. విడివిడిగా వెళ్తే ఒకరికి ప్లాటు చూపిస్తారు, మిగతా ఇద్దరికి తలుపు చూపిస్తారు.

నాగోల్‌లో పోయిన పొలం తిరిగి రాదు. అక్కడ కౌలు చేసినవారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. మన ఊళ్లలో వానాకాలం నాట్లు పడేలోపు ఆ జాబితాలు పూర్తిచేసి మండల కమిటీలకు అందించండి.