వేషాలు పంచేది ఎవరు?

2019 డిసెంబరులో కర్ణాటకలోని కల్లడ్కలో ఒక పాఠశాల క్రీడోత్సవం జరిగింది. మైదానంలో బాబ్రీ మసీదు చిత్రపటాన్ని నిలబెట్టారు. విద్యార్థులు నినాదాలతో ఉరికివచ్చి దానిని కూల్చివేశారు. ఒక కేంద్రమంత్రి, ఒక లెఫ్టినెంట్ గవర్నరు అందుకు అతిథులు! మసీదు కూల్చివేత చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు తన తీర్పులో చెప్పి అప్పటికి నెల దాటిందంతే. న్యాయస్థానం నేరమన్నదానిని బడి ఆటగా నేర్పింది.

అయితే చరిత్రను ఆటగా బోధించడాన్నే మేము కాదంటున్నామా? ఎంతమాత్రం కాదు. అమెరికాలోని బర్నార్డ్ కళాశాలలో ఆచార్య మార్క్ కార్న్స్ ప్రారంభించిన పద్ధతిలో విద్యార్థులు చారిత్రక పాత్రలు ధరించి వాదిస్తారు. ముందుగా రాసిన సంభాషణలు ఉండవు, గెలుపోటములు ముందే నిర్ణయమై ఉండవు. మూలపత్రాలు చదివి తన పాత్ర తరఫున విద్యార్థే వాదించాలి. అట్టి ఆటల్లో 1945 నాటి సిమ్లా సమావేశం ఒకటి. ముస్లిం సభ్యులందరినీ లీగే ప్రతిపాదించాలని అక్కడ జిన్నా పట్టుబట్టారు. ఆయనకు ఎదురుగా కాంగ్రెసు అధ్యక్షుని హోదాలో ఉన్నది మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఆజాద్ పక్షాన ఒక్కరోజు వాదించిన బిడ్డ, ముస్లింలందరిదీ ఒకే మాట అన్న అబద్ధాన్ని మళ్ళీ నమ్మగలడా?

అంత దూరం పోనక్కరలేదు. చోడవరం దగ్గరి గోవాడ పిల్లలకు బొబ్బిలి కథ కొత్త కాదు. 1757 నాటి ఆ యుద్ధాన్ని తరగతిలో ఆడించండి. రంగారావు, విజయరామరాజు, ఫ్రెంచి బుస్సీ, అతని దివాను హైదర్‌జంగు తమతమ వాదన వినిపించనీయండి. సంస్థానాల పాతపగ, శిస్తు వసూళ్ళు, పరదేశి ఫిరంగులు బయటపడతాయి. మతాల పోరు మాత్రం కనిపించదు.

మా అభ్యంతరం వేషాల పంపకం మీద. ముస్లిం పేరున్న బిడ్డకే గజినీ వేషం, తక్కినవారికి వీరుల వేషాలు! "ఆటే కదా, ఇంత పట్టింపెందుకు?" అంటారు. గంట మోగగానే ఆట ముగుస్తుంది. అంటగట్టిన పేరు మాత్రం ఆ బిడ్డ వెంట ఇంటిదాకా వస్తుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను మానసిక వేధింపును నిషేధించింది. ఇది వేధింపు కాక మరేమిటి?

కనుక మేము కోరేది ఇది: పాత్రలను చీటీలు తీసి పంచాలి. విధ్వంసాన్ని, ఊచకోతను అభినయింపజేయరాదు. ఆధారపత్రాలు పిల్లల భాషలో ఇవ్వాలి. ఆట ముగిసిన పిమ్మట వేషం విప్పి, జరిగినదానిని తరగతి అంతా కలిసి తర్కించాలి.

ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతున్నది. ఆ కుర్చీలను మనం ఖాళీగా వదిలి, తరువాత బాధపడి ప్రయోజనమేమి? వచ్చే సమావేశానికి వెళ్ళండి. వేషాలు పంచేది ఎవరని అడగండి.