నోరు లేనిదానికి మనమే నోరు

పెరుగన్నం కలిపేటప్పుడు ఆఖరి ముద్ద పక్కన పెట్టే అలవాటు నాకింకా పోలేదు. పెట్టాక గుర్తొస్తుంది, తినడానికి చుక్క లేదని. మావారు చూసి కూడా చూడనట్టు ఊరుకుంటారు.

చుక్క అంటే మా కుక్కండీ. జాతికుక్కేం కాదు, నాటుదే. 2015లో మావాడు బడి నుంచి వస్తూ వానలో తడుస్తున్న పిల్లని పుస్తకాల సంచిలో పెట్టుకొచ్చాడు. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని ఆ పేరు పెట్టాడు. "దీని చాకిరీ ఎవరు చేస్తార్రా?" అని అందరికంటే ఎక్కువ గోల పెట్టింది నేనే. ఆఖరికి అది తిరిగిందీ నా కొంగు వెనకే.

2023 ఏప్రిల్‌లో ఎండలు ముదిరిన రోజులు. ఉన్నట్టుండి చుక్క నీళ్ళు తెగ తాగడం మొదలుపెట్టింది. పొద్దున నింపిన గిన్నె పది గంటలకల్లా ఖాళీ. అన్నం ముట్టదు. వెనకవైపు చీములాంటి తడి కూడా కనిపించింది. మర్నాడు వాంతులయ్యేసరికి ఆటోలో వేసుకుని మా పేటలో ఉన్న ప్రైవేటు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

గంటన్నర కూచున్నాక పిలిచారు. డాక్టరుగారు కుర్చీలోంచి లేవలేదు. ఫోనులో మాట్లాడుతూనే "ఏమిటి?" అన్నారు. "నీళ్ళు బాగా తాగుతోందండీ, అన్నం తినడం లేదు, వాంతులు" అన్నాను. "ఎండలమ్మా, అన్నిటికీ ఇలాగే ఉంది" అని కాంపౌండరు చేత రెండు ఇంజక్షన్లు వేయించి, చిన్న కాగితం ముక్క మీద టానిక్కు పేరు రాసిచ్చారు. దాని ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. జ్వరం చూడలేదు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చాం. ఫీజు మాత్రం ఎనిమిది వందలు.

ఆ తడి సంగతి నా నోటిదాకా వచ్చింది. కానీ గదిలో ముక్కూమొహం తెలియని మగవాళ్ళు నలుగురున్నారు. ఎలా చెప్పేది? 'అంత చదువుకున్నాయనకి తెలియదా ఏం' అనుకుని నోరు మూసుకున్నాను.

రెండు రోజులకి చుక్క లేవలేకపోయింది. మళ్ళీ తీసుకెళితే "మందు పనిచెయ్యడానికి టైము పడుతుంది" అని గుమ్మంలోంచే పంపేశారు. అప్పుడు మా ఆడపడుచు చెబితే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ లేడీ డాక్టరు అడిగిన మొదటి మాట: "అమ్మా, ఇది ఆఖరిసారి ఎదకు ఎప్పుడొచ్చింది?"

"నెలన్నరయిందండీ" అన్నాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా అన్నారు. లేదన్నాను. ఆవిడ చిగుళ్ళు చూశారు, జ్వరం చూశారు, పొట్ట తడిమారు, స్కానింగ్ తీయించారు. గర్భసంచి నిండా చీమట. పయోమెట్రా అంటారట దీన్ని. ఆ విషం మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుందనీ, అందుకే అంత దాహమనీ చెప్పారు. గర్భసంచి తీసెయ్యడమే సరైన వైద్యమట. "త్వరగా తెస్తే చాలావరకు బతుకుతాయమ్మా" అన్నారు మెల్లగా. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. తెల్లారేసరికి చుక్క లేదు.

వారం పోయాక ఉండబట్టలేక, స్కానింగ్ కాగితం పట్టుకుని మొదటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి, "మీరు ఆ సంగతి చెప్పలేదుగా" అన్నారు.

ఆ మాట నిజం. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కానీ మీరే చెప్పండి, అడగాల్సింది ఎవరు? మనిషైతే ఫలానా చోట నొప్పని చెప్పుకుంటాడు. ఇది చెప్పుకోలేదనే కదా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది! ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మధ్యన నోరులేనిది పోయింది.

ఆడకుక్కని పెంచుకునేవాళ్ళు ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి. గ్యాసుబండ వచ్చిన తేదీ క్యాలెండరు మీద రాసుకుంటాం కదా, కుక్క ఎదకొచ్చిన తేదీ కూడా అలాగే రాయండి. ఆ తర్వాత రెండు నెలల్లోపు నీళ్ళు ఎక్కువ తాగినా, తిండి మానేసినా, వెనకవైపు చీము కనిపించినా, పొట్ట ఉబ్బినా ఆ రోజే చూపించండి. చీము బయటికి రావట్లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి, లోపలే నిలిచిపోతే ఇంకా ప్రమాదం. పిల్లలు వద్దనుకుంటే వయసులో ఉండగానే ఆపరేషన్ చేయించెయ్యండి, ఈ జబ్బు భయం ఉండదు. డాక్టరు చెయ్యి వేసి చూడకపోతే, "ఒకసారి జ్వరం చూడండి" అని అడగండి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల దాకా మామూలే. ఏ మందు ఇచ్చారో చీటీ రాయించుకోండి. పశువైద్యులు రాష్ట్ర పశువైద్య మండలిలో రిజిస్టరై ఉండాలని 1984 నాటి చట్టం ఉంది. ఫిర్యాదు అక్కడ ఇచ్చుకోవచ్చు. నా చేతిలో టానిక్కు పేరున్న కాగితం ముక్క తప్ప ఏమీ లేక ఊరుకున్నాను.

కిందటి నెల ఎదురింటి పిన్నిగారి కుక్క నీళ్ళు మీద నీళ్ళు తాగుతోందంటే తోడు వెళ్ళాను. గదినిండా మగవాళ్ళే. అయినా ఎప్పుడు ఎదకొచ్చిందో, ఎక్కడ తడి ఉందో గట్టిగానే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ కుక్క ఇప్పుడు మా గేటు దగ్గరే పడుకుంటోంది. ఆఖరి ముద్ద దానికే పెడుతున్నాను.