మూడో మాట

దసరా సెలవులకు మా అమ్మాయి పుణె నుంచి భోకర్ వచ్చింది. బ్యాగు దించకముందే అడిగాను. "పోయిన నెల రెండు రోజులు ఫోనే ఎత్తలేదు. ఏమైంది బిడ్డా?"

"సర్వర్లకు మెదడు చీలింది నాన్నా" అంది.

నా మొహం చూసి నవ్వి, "మనుషులకు కాదులే, మిషన్లకు" అని సర్దిచెప్పింది. రాత్రి భోజనాలయ్యాక వాకిట్లో కూర్చుని ఆ కథంతా చెప్పింది. వింటుంటే నాకు నలభై ఏళ్ళ కిందటి మా కందుల బస్తాలు గుర్తుకొచ్చాయి. అందుకే ఈసారి మన శీర్షికలో ఈ ముచ్చట.

మా ఊరు తెలియని పాఠకులకు ఒక మాట. భోకర్ నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో, ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు దారిలో ఉంది. 1956లో రాష్ట్రాలు మారేదాకా మేమూ హైదరాబాదు రాష్ట్రం వాళ్ళమే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మోంఢాలో రెండూ మాట్లాడుతూ పెరిగాం.

ఇక అమ్మాయి చెప్పిన సంగతి. ఆమె కంపెనీ ఒక రక్తనిధి లెక్కలు చూస్తుంది. లెక్కలన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉంటే అది చెడిపోయిన రోజు పని ఆగిపోతుంది. అందుకని రెండు ఊళ్ళలో రెండు సర్వర్లు పెట్టి, జతగా నడుపుతారు. ఇలాంటి జట్టును క్లస్టర్ అంటారు. ఒకటి పెద్ద, రెండోది చిన్న. పెద్దది రాస్తుంది, చిన్నది చూసి రాసుకుంటుంది. రెండూ క్షణక్షణం "ఉన్నావా?" "ఉన్నాను" అని పలకరించుకుంటాయి. పెద్ద పలకకపోతే చిన్నది పెత్తనం తీసుకోవాలి.

చూడడానికి బాగానే ఉంది. కానీ పలకకపోవడానికి కారణాలు రెండు. పెద్ద నిజంగానే పడిపోయి ఉండొచ్చు, లేదా మధ్యలో తీగ తెగి ఉండొచ్చు. చిన్నదానికి ఈ రెంటికీ తేడా తెలియదు. రెండు వైపులా వినిపించేది ఒకే నిశ్శబ్దం.

ఆ రాత్రి తెగింది తీగ. చిన్నది పెత్తనం తీసుకుంది, పెద్దది పెత్తనం వదల్లేదు. రెండూ రాసుకుంటూ పోయాయి. తెల్లవారి ఒకే రక్తం సంచి ఇద్దరు రోగుల పేర రాసి ఉంది. ఫ్రిజ్ దగ్గర ఒక నర్సు గమనించి ఫోన్ చేయబట్టి ప్రమాదం తప్పింది. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని, ఏ రాత నిజమో చేత్తో తేల్చడానికి మా అమ్మాయి వాళ్ళకు రెండు రోజులు పట్టింది.

దీన్నే వాళ్ళ భాషలో 'స్ప్లిట్ బ్రెయిన్' అంటారు. పేరు వైద్యంలోంచి వచ్చింది. మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు భాగాలనూ కలిపే నరాల కట్టను కోసిన రోగులను రోజర్ స్పెర్రీ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి, ఆ పరిశోధనకు 1981లో నోబెల్ బహుమతి పొందాడు. ఒక భాగం చూసింది రెండో భాగానికి తెలియకపోవడం అందులో విచిత్రం. మనవాళ్ళు ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఏనాడో అన్నారు.

ఇప్పుడు మా కందుల దగ్గరికి రండి. 1986లో మాకు భోకర్‌లో ఒక అడ్తి దుకాణం, ఉమ్రిలో ఒకటి ఉండేవి. ఇక్కడ నేను, అక్కడ మా అన్న. గోదాము మాత్రం ఒక్కటే, భోకర్‌లో. బేరం నేను కుదర్చాలి, నేను లేనినాడు అన్న కుదర్చాలి. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం. ఆ వానాకాలం ఒకనాడు నాకు జ్వరం. మర్నాటికి తగ్గింది కానీ వానకు ఫోన్ లైను పోయింది. నేనింకా లేవలేదనుకుని అన్న అరవై బస్తాల కందులకు బయానా తీసుకున్నాడు. అవే అరవై బస్తాలకు నేను నిజామాబాదు వ్యాపారి దగ్గర బయానా తీసుకున్నాను. మర్నాడు గోదాము ముందు రెండు లారీలు నిలబడ్డాయి.

మా బాపు చేతులు జోడించి ఒకరికి బయానా వాపసు ఇచ్చాడు. ఆ నిజామాబాదు ఆసామి మళ్ళీ మా గడప తొక్కలేదు. అన్నా నేనూ సంక్రాంతి దాకా మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు ఇద్దరిదీ కాదు. ఎవరికి తెలిసినంతలో వారు సరిగ్గానే చేశాం.

బాపు అప్పుడు ఒక ఏర్పాటు చేశాడు. ముద్ఖేడ్‌లో మా మేనమామ ఉండేవాడు. ఆయనకు దుకాణం లేదు, ఒక్క బస్తా లేదు. మా ఇద్దరి చీటీలు ఎన్నో నంబరు దాకా వచ్చాయో మాత్రం ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. అన్న పలికితే సరే. పలకకపోతే మామకు ఫోన్ చేయాలి. మామ సరేనంటేనే బేరం. ఆయన ఒకరికి మాట ఇస్తే ఆ రోజు రెండోవాడికి ఇవ్వడు. అన్నా పలకక, మామా పలకకపోతే తక్కెడ దించి కూర్చోవాలి.

"ఇదే నాన్నా, మేమిప్పుడు పెట్టింది!" అని మా అమ్మాయి లేచి నిలబడింది. ఆర్బిటర్, అంటే మన మధ్యవర్తి. అది మూడో సర్వర్. లెక్కల పుస్తకం దానిదగ్గర ఉండదు, ఓటు మాత్రం ఉంటుంది. ముగ్గురిలో ఇద్దరు ఎటుంటే పెత్తనం అటు. ఒంటరిగా మిగిలినవాడు రాయడం ఆపాలి. ఇద్దరే ఉంటే చెరిసగమే తప్ప మెజారిటీ లేదు. పంచాయతీ అన్న మాటలోనే ఐదు ఉంది, నాలుగు లేదు చూడండి. మోంగోడీబీలో ఆర్బిటర్‌కు ఓటు తప్ప సరుకు ఉండదు. గ్లస్టర్ అనే ఫైళ్ళ వ్యవస్థలో 2015లో వచ్చిన ఆర్బిటర్ అయితే అచ్చం మా మామే. ఫైళ్ళ పేర్లు, వాటి గుర్తులు ఉంచుకుంటుంది, లోపలి రాత ఉంచుకోదు. అందుకే దానికి చిన్న మిషన్ చాలు.

ఆ చిన్న మిషనే మొదట్లో దండగ అన్నారట పైవాళ్ళు. రక్తం సంచి సంగతి తర్వాత ఒప్పుకున్నారు కానీ, ఖర్చు కలిసొస్తుందని దాన్ని మొదటి సర్వర్ గదిలోనే పెట్టమన్నారు. అమ్మాయి ససేమిరా అంది. ఆ గదికి కరెంటు పోతే రెండు ఓట్లూ ఒక్కసారే పోతాయి, మిగిలిన సర్వర్ బాగున్నా ఒంటరిదై ఆగిపోతుంది. మామను మా భోకర్ దుకాణంలోనే కూర్చోబెట్టినట్టు! చివరికి మూడో ఊళ్ళో పెట్టించింది.

మధ్యవర్తి ఉంటే అంతా క్షేమమా అంటే అదీ కాదు. ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ పని దాచుకునే గిట్‌హబ్ సంస్థలో 2018 అక్టోబరు 21న, అమెరికా తూర్పు తీరంలో ఒక పరికరం మారుస్తుండగా 43 సెకన్లు సంబంధం తెగింది. ఓట్ల పద్ధతి ప్రకారమే పడమటి తీరం పెత్తనం తీసుకుంది. కానీ అప్పటికే తూర్పున రాసినవి కొన్ని పడమటికి చేరలేదు. ఒక్క క్లస్టర్‌లోనే అలాంటివి 954. పడమట కొత్త రాతలు పడుతూనే ఉన్నాయి. 43 సెకన్ల తెగుడు సరిచేయడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఓటు ఒక్కటే చాలదు, రెండో పుస్తకంలో కూడా పడ్డాకే రాత పూర్తయినట్టు లెక్క. ఇంకొకటి, రెండు పుస్తకాల్లో ఒకటి కాలిపోతే మధ్యవర్తి దాన్ని తిరిగి రాసివ్వలేడు. ఆయన దగ్గర ఉన్నది నంబర్లే.

అమ్మాయికి మిగతా కథ కూడా చెప్పాను. రెండేళ్ళ తర్వాత ఒక గాలివాన రోజు అన్న పలకలేదు, మామ పలకలేదు. ఎదురుగా నోట్లు పట్టుకుని ఆసామి నిలబడ్డాడు. నేను తక్కెడ దించేశాను. ఆయన నన్నొక పిచ్చివాడిలా చూసి పక్క దుకాణానికి పోయాడు. సాయంత్రం బాపు దగ్గర తల వంచుకుని నిలబడితే, "బేరం పోతే రేపొస్తది. మాట పోతే రాదు" అన్నాడు. లైను బాగయ్యాక తెలిసింది. ఆ పొద్దున అన్న మామ మాట తీసుకుని ఆ సరుకంతా అమ్మేశాడు.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కష్టమైన పని అదే నాన్నా. పెత్తనం తీసుకోవడం ఏ మిషనైనా నేర్చుకుంటది. బాగున్నప్పుడు కూడా ఆగడం నేర్పాలి" అంది.

బాపు లేడు, మామ లేడు. అన్న ఉమ్రిలోనే ఉన్నాడు. మర్నాడు జమ్మి ఆకు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాను. విని నవ్వి, "ఆ రోజు నీకు జ్వరమే అనుకున్నరా" అన్నాడు.

మీ ఇళ్ళల్లో, మీ వ్యాపారాల్లో ఆ మూడో మాట ఎవరిదో నాకు రాయండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.