మన రాళ్లను చదివేదెవరు?

బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ ప్రదర్శనశాలకు వెళ్లినప్పుడల్లా నేను ఆతకూరు శిల ముందు కాసేపు నిలబడిపోయేవాణ్ణి. క్రీ.శ. 949 నాటి ఆ కన్నడ శాసనం తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుని ఓటమిని చెబుతూనే, అడవిపందితో పోరాడి ప్రాణం విడిచిన కాళి అనే వేటకుక్కను స్మరిస్తుంది. ఆ రాతికి పూజ తప్పకుండా జరగాలని భూమిని కూడా దానమిచ్చారు! ఇంతకూ నన్ను నిలబెట్టింది కథ ఒక్కటే కాదు, ఆ అక్షరాలు. తెలుగు, కన్నడ లిపులు అప్పటికింకా వేరుపడలేదు. మన శాసనాల ఊసెత్తితే కన్నడానికి ఎదురు తిరుగుతున్నారనేవారికి ఆ రాతిని చూపితే చాలు.

మరి మన రాళ్ల మాటేమిటి? బెంగళూరులో పుట్టిన బి.ఎల్. రైస్ 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదవ సంపుటంగా కోలారు జిల్లా శాసనాలను 1905లో అచ్చువేయించారు. 2007లో వేరుపడిన చిక్కబళ్లాపురం జిల్లా కూడా అప్పుడు అందులోనిదే. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి - తాలూకాలవారీగా ఏ ఊరిలో ఏ రాయి ఎక్కడుందో అందులో ఉంది. వాటిలో తెలుగు శాసనాలూ ఉన్నాయి. శాసనాల్లో పెద్ద పాలు దానపత్రాలే. న్యాయవాదిని గనుక అవి నాకు దస్తావేజులుగానే కనబడతాయి. అటువంటి దస్తావేజు మీద బట్టలు ఉతుక్కుంటున్నామంటే తప్పు ప్రభుత్వానిది మాత్రమే కాదు.

రాతిని ప్రదర్శనశాల కాపాడగలదు. చదివే పిల్లవాణ్ణి తయారుచేయలేదు. సొంత భాషను, లిపిని పరిరక్షించుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణం ఇచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని 350ఎ చెబుతోంది. తరగతిలో పదిమంది గాని, బడిలో నలభైమంది గాని ఉంటే మాతృభాషా బోధన ఏర్పాటు చేయాలని 1949 ఆగస్టులోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ఆ పదిమంది పేర్లతో అర్జీ పెట్టకుండా బడి రాలేదని వగచి లాభం లేదు.

అందుకే ప్రతి గ్రామశాఖనూ కోరుతున్నాను. రైస్ సంపుటంలో మీ ఊరి పుట వెదకండి. రాయి ఇంకా ఉందో లేదో పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. సున్నం, రంగు పూయకండి, ఉలితో గీకకండి. ఛాయాచిత్రం తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. అదే రోజున తెలుగు బోధన కోరుతూ తల్లిదండ్రుల సంతకాలు కూడా సేకరించండి. అర్జీ నమూనా కావలసినవారు పత్రిక కార్యాలయానికి రాస్తే పంపుతాము.