లిస్టులో పేరు లేకపోతే నోరు మూసుకోవాలా?

సాఫ్ట్‌బాల్ టీము లిస్టు గోడకి అంటించారు. నీ పేరు లేదు. ప్రాక్టీసు మొహం చూడని వాడి పేరుంది. "ఎందుకు సార్?" అంటే "తండావాడివి, నీకెందుకురా ఆటలు" అన్నారు. విజయపురి సౌత్ చుట్టుపక్కల తండాల్లో, చెంచు గూడేల్లో పెరిగిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ మాట మీకు కొత్త కాకపోవచ్చు. కానీ అలవాటు కాకూడదు.

ముందు ఒక తేడా గమనించండి. గ్రౌండులో దిగేది 9 మందే. అందరికీ చోటుండదు. కోచ్ గట్టిగా పరిగెత్తిస్తే అది అన్యాయం కాదు. ఆట చూడకుండా కులం చూసి, ఊరు చూసి, సిఫార్సు చూసి పక్కన పెడితే అదీ అన్యాయం.

అప్పుడేం చేయాలి? ప్రాక్టీసుకి వెళ్లిన తేదీలు, ట్రయల్స్‌లో కొట్టిన పరుగులు, పట్టిన క్యాచ్‌లు నోటుబుక్కులో రాసుకో. ఒంటరిగా వెళ్లకు, ఇద్దరు ఆటగాళ్లతో, అమ్మానాన్నలతో వెళ్లి "ఏ లెక్కన ఎంపిక చేశారు?" అని అడుగు. జవాబు రాకపోతే హెడ్మాస్టరుకి రాసిచ్చి, కాపీ మీద సంతకం తీసుకో. జిల్లా విద్యాశాఖ ఆఫీసులో నాన్న పేరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టించు. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

నలుగురిలో కులం పేరుతో తిడితే అది కోచింగ్ కాదు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని 2018 సవరణే చెప్పింది. హెల్ప్‌లైన్ 14566. ఒంటిమీద చెయ్యి వేస్తే ఆలోచించొద్దు, 1098కి ఫోన్ చెయ్యి. తప్పు నీది కాదు.

నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, గురుకులంలో చదువుతూ 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె కాళ్లలో బలం ఉంది, నిజమే. ఆ బలాన్ని చూసి ఎంపిక చేసినవాళ్లూ ఉన్నారు. మన పిల్లల్లో బలానికి కొదవ లేదు. కొదవంతా ఆ చూపుకే.

అందుకే అధికారులను మనం అడిగేది ఒక్కటే: ట్రయల్స్‌కి ముందే ఎంపిక పద్ధతి, తర్వాత ప్రతి ఒక్కరి మార్కులు గోడమీద పెట్టండి. ఇది దయ కాదు, మన హక్కు. అప్పటిదాకా బ్యాటు మాత్రం కింద పెట్టకండి.