పైకోర్టుకెళ్తే బిడ్డ డబ్బు ఆగిపోతుందా?

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గారికి,

అయ్యా,

అరకు శుక్రవారం సంతలో రాజ్మా అమ్ముకుంటున్న ఒక తల్లి నన్ను చూసి, కొంగుముడి విప్పి ఓ కాగితం తీసింది. హైకోర్టు నోటీసు, అంతా ఇంగ్లీషు. "మా ఆయన పైకోర్టుకెళ్లాడట మాస్టారూ, ఇంక బిడ్డకి డబ్బులు రావంట" అంది. ఆ మాట చెప్పింది ఎవరని అడిగితే, ఆయనేనట.

పట్నంలో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన మనోవర్తి ఉత్తర్వు మీద ఆయన మీ దగ్గర రివిజన్ వేశాడు. వేసుకోనివ్వండి, అది ఆయన హక్కు. కానీ రివిజన్ వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు, స్టే ఇస్తేనే ఆగుతుంది. ఆ కాగితంలో స్టే మాటే లేదు. ఇది ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. బకాయి వసూలుకు వారంట్ కావాలంటే, ఆ డబ్బు ఇవ్వాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉన్న ఈ షరతే 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ ఉంది. పైకోర్టు తీర్పు రానీ అని తల్లి ఎదురుచూస్తూ కూర్చుంటే, ఒక్కో నెల బాకీ ఆ దారిలో వసూలుకు అందకుండా జారిపోతుంది. తండ్రికి కేసు గెలవాల్సిన పని కూడా లేదు, సాగదీస్తే చాలు.

మా కొండల్లో ఓలి ఇచ్చి, కుల పెద్దల ముందు చేసుకున్న మనువులకు కాగితాలుండవు. హిందూ వివాహ చట్టం మామూలుగా మా గిరిజనులకు వర్తించదు కూడా. అయినా బిడ్డ మనోవర్తికి తల్లిదండ్రుల పెళ్లితో పని లేదని చట్టమే అంటోంది. అంత పెద్ద మనసున్న చట్టం ఒక్క నోటీసు భాష దగ్గర ఓడిపోవడం నాకు మింగుడుపడటం లేదు.

నేనడిగేది చిన్నది. మనోవర్తి రివిజన్లలో తల్లికి పంపే నోటీసుకు తెలుగులో ఒక్క పేజీ జోడించండి. స్టే ఉందో లేదో, ఏడాది గడువేమిటో అందులో ఉండాలి. గిరిజనులకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారని, 15100కి ఫోన్ చేయొచ్చని రాయించండి. స్టే ఇవ్వాల్సివస్తే బకాయిలో కొంతైనా కట్టించుకోండి. చాలా కేసుల్లో కోర్టులు చేస్తున్నదే. వాయిదాకు అరకు నుంచి అమరావతి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. పాడేరు నుంచే వీడియోలో హాజరయ్యే వీలు కల్పించండి.

ఆమెకు డబ్బు ఆగింది ఇటుకల పండగ నెలలో, అంటే చైత్రంలో. ఇప్పుడు కాఫీ పళ్లు కోస్తున్నారు. వేళ్ల మీద లెక్కేసుకున్నాం: మళ్లీ ఇటుకల పండగ వచ్చేసరికి మొదటి నెల బాకీకి ఏడాది నిండుతుంది.

ఇట్లు,
అరకులోయ నుంచి ఒక రిటైర్డు మాస్టారు