పొగబండికిఁ బొగయే ప్రాణమా?

మన పెద్దలు రైలునకుఁ బొగబండి యని పేరిడిరి. పండితులు ధూమశకట మనిరి. పేరు మంచిదే, కాని ఆ పేరువలననే కాఁబోలు, పొగ లేనిచో అది బండియే కాదను భ్రమ మనలోఁ గొందఱకుఁ గలిగినది. ఆ భ్రమ మాకును లేకపోలేదు. అది యెట్లు తొలఁగినదో పాఠకులకు మనవి చేయుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత వేసవిలో విద్యార్థులను వెంటఁబెట్టుకొని మేము నీలగిరి కొండరైలులోఁ బ్రయాణించితిమి. మెట్టుపాళయమునుండి ఉదకమండలమునకు 46 కిలోమీటర్లు. క్రింది స్టేషను సముద్రమట్టమునకు 326 మీటర్ల యెత్తున నుండఁగా మీఁది స్టేషను 2,203 మీటర్ల యెత్తున నున్నది. త్రోవలో 208 వంపులు, 16 సొరంగములు, 250 వంతెనలు. ఈ మార్గము 1899లోఁ గూనూరువఱకును, 1908లో ఉదకమండలమువఱకును తెఱవఁబడినది. నాఁడు మదరాసు గవర్నరుగారు వేసవిలో ఉదకమండలముననే కొలువుండెడివారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలును ఆ రాజధానిలోనివే కావున ఆ కొండ మనకుఁ బొత్తిగాఁ బరాయిది కాదు. 2005లో యునెస్కోవారు ఈ రైలును ప్రపంచ వారసత్వ సంపదలోఁ జేర్చిరి.

కల్లారు మొదలు కూనూరువఱకు ఏటవాలు మిక్కిలి యెక్కువ. కొన్నియెడల 12.5 మీటర్లు ముందునకుఁ బోవునప్పటికి ఒక మీటరు పైకెక్కవలెను. అచ్చట నున్నని చక్రములు జాఱిపోవును. అందుచేఁ బట్టాల నడుమఁ బండ్లుగల రెండు ఇనుపపట్టెలను బిగించిరి. ఆవిరియంత్రము తన పండ్లచక్రముతో వానిని బట్టుకొని, పెట్టెలను వెనుకనుండి పైకి నెట్టును. పెట్టెపెట్టెకును ఒక మనుష్యుఁడు బ్రేకుకడ నిలిచి యుండును. మన దేశమున ఇట్టి పండ్లపట్టాల రైలు మఱియొకటి లేదు.

కూనూరిలో ఆవిరియంత్రమును విప్పి డీసెలు యంత్రమును దగిలించిరి. అంతవఱకుఁ గేరింతలు కొట్టిన పిల్లలు ముఖములు ముడుచుకొనిరి. "మాస్టరుగారూ, అసలు రైలు అయిపోయినది" అని యొక బాలుఁ డనెను. మేమును ఔనని తలయూఁచితిమి. ఆ యూఁపు తప్పని తరువాతఁ దోఁచినది.

ఏల తప్పనఁగా, కూనూరునకుఁ బైన ఏటవాలు తగ్గి, సుమారు 25 మీటర్లకు ఒక మీటరుచొప్పున నుండును. అచ్చటఁ బండ్లపట్టెలు లేవు. వాని యక్కఱయు లేదు. డీసెలు యంత్రము విద్యుత్తును బుట్టించును. ఆ విద్యుత్తు ఇరుసులకడ నున్న మోటారులను ద్రిప్పును. దానికి గంటలకొలఁది ముందుగా నిప్పు రాఁజేయనక్కఱలేదు. నీటికై త్రోవలో నాఁగనక్కఱలేదు. కూనూరు ఉదకమండలముల నడుమ బండ్లు దినమునకుఁ బలుమాఱు నడచును. వానిలో వినోదమునకై వచ్చిన మనవంటివారే కాక ఆ కొండవాసులును ఎక్కుదురు. పనికిఁ బోవువానికి బండి వేళకు వచ్చుటకంటె మించిన యందము వేఱొకటి కలదా?

మఱియొక మాట. మనము మురిసిపోవు ఆవిరియంత్రమైనను మొదటినుండి ఒక్క తీరుననే యున్నది కాదు. స్విట్జర్లాండులోని వింటర్తూర్ నగరమున నిర్మింపఁబడిన ఆ యంత్రములు బొగ్గు మండించెడివి. తరువాతఁ గొన్నింటిని నూనెతో మండునట్లు మార్చిరి. ఈ శతాబ్దమునఁ దిరుచిరాపల్లి పొన్మలై కర్మాగారమందు మన పనివారే నూనె మండించు క్రొత్త ఆవిరియంత్రములను నిర్మించిరి. మార్పునకు ఒప్పుకొన్నందుననే అవి నేఁటికిని బ్రదికి యున్నవి. కావున మార్పును నిందించుచు ఆవిరిని బొగడుట పొసఁగదు.

అట్లని ఆవిరియంత్రములను బండ్లపట్టెలమీఁదినుండి తొలఁగింపవలెనని మేము చెప్పుట లేదు. పైమార్గమున నడచు ఆ డీసెలు యంత్రమునకుఁ బండ్లచక్రము లేదు. అది కల్లారు కొండ నెక్కఁజాలదు. అంతేకాదు. ఆవిరి కాఁగును బాగుచేయుట, పండ్లచక్రము అరుగుదలను కనిపెట్టుట మున్నగునవి పుస్తకమునఁ జదివినంతమాత్రమున రావు. చేతినుండి చేతికి రావలసిన విద్యలు. ఒక తరము నేర్వక మానెనా, మఱుసటి తరమునకు నేర్పువాఁ డుండఁడు. కావున టిక్కెట్ల రాఁబడి చాలదని లెక్కలు చూపి ఈ యంత్రములను కొట్టులోఁ బెట్టుటకంటె, ఏఁటేఁట యువకులకు ఆ పని నేర్పించుటయే మేలని మా యభిప్రాయము.

విద్యార్థులారా! ఈశాన్య ఋతుపవనములు వీచినప్పుడు ఆ కొండచఱియలు విఱిగి పట్టాలపైఁ బడును, బండ్లు నిలిచిపోవును. అప్పుడు వానలోఁ దడియుచు రాళ్లు తొలఁగించువారిని ఎవ్వరును ఫొటోలు తీయరు. పొగబండికిఁ బొగ ప్రాణము కాదు. వారి శ్రద్ధయే ప్రాణము. మరల ఆ కొండ నెక్కు భాగ్యము కలిగినచో, కూనూరు స్టేషనున దిగి, బ్రేకుకడ నిలిచినవానికిని, ఆవిరియంత్రము నడపినవానికిని, డీసెలు యంత్రము నడపఁబోవువానికిని సమానముగా నమస్కరింతము. ఆ దినమునఁ దలయూఁచిన తప్పునకు మాకు అదియే ప్రాయశ్చిత్తము.